మద్దిలేటి పట్టిన తాడు

గంగులప్ప సామికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన చోట జవాబు చెప్పేవారు కాదు. "ఈ సందేహం నీకు యాడ పుట్టింది?" అని అడిగి, ఆ చోటికే నడిచి వెళ్లేవారు. వంటింట్లో పుట్టిందంటే వంటింటికి, చేనులో పుట్టిందంటే చేనికి. అక్కడికి చేరాక చాలా ప్రశ్నలు ప్రశ్నలుగా మిగిలేవి కావు. సామి పీఠాధిపతి ఏమీ కాదు. కడప జిల్లాలో ఒక పల్లెలో చీనీ (బత్తాయి) తోట చేసుకుంటూ, సాయంత్రాలు తన దగ్గరికి వచ్చిన నలుగురికీ మంచీచెడ్డా చెప్పే ముసలాయన.

ఆయన శిష్యుల్లో మద్దిలేటి అని ఒకడు. శనక్కాయల వ్యాపారం. మూట పైనున్న కాయను అతను ఎన్నడూ నమ్మలేదు. మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న కాయ తీసి, కొరికి చూసేవాడు. ఇంట్లోనూ అంతే. పాలు కాగుతుంటే చిక్కదనం మీద అనుమానం. భార్య నవ్వితే ఎందుకు నవ్విందోనని అనుమానం. ఒక ఎండాకాలం సాయంత్రం అతను సామి ముందు కూర్చుని, నలుగురూ లేచిపోయేదాకా ఆగి, అప్పుడు అడిగాడు.

"సామీ, నా బిడ్డకు నా మాట మీద నమ్మకం లేకుండా పోయింది. నేను ఏం చెప్పినా నా మొకంలోకి చూసి 'నిజంగానా?' అంటాది. పదేండ్ల పిల్లకు కన్నతండ్రి మీద అంత అనుమానం ఏంటికి? నేనేం చేస్తే అది నన్ను మళ్లా నమ్ముతాది? ఎవురన్నా నూరిపోస్తాండారేమో అని గూడా ఉంది నాకు."

"ఎవురు?"

"వాళ్లమ్మ కావచ్చు. వాళ్లవ్వ కావచ్చు."

"ఈ సందేహం యాడ పుట్టింది?"

"బావికాడ" అన్నాడు.

ఆ ఊళ్లో ఎండాకాలం సెలవులు రాగానే పిల్లలకు ఈత నేర్పడం ఆనవాయితీ. ఊరి బయట మెట్లున్న పెద్ద వ్యవసాయ బావి ఉంది. పిల్లల వీపుకు మునగ బెండ్లు కడతారు. అవి బాగా ఎండిన తేలిక కట్టె ముక్కలు, మనిషిని మునగనివ్వవు. నడుముకు తాడు కట్టి, దాని కొస పట్టుకుని తండ్రి గట్టు మీద నిలబడతాడు. పిల్లకు ధైర్యం వచ్చేకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తీసేస్తారు. ఇందులో తండ్రుల పని అరవడమే. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని "కాళ్లాడించు, చేతులాడించు" అని అరుస్తూ ఉంటారు. వాళ్లలో సగం మందికి ఈత రాదు. ఆ సంగతి పిల్లలకు తెలియదని వాళ్ల ధీమా.

మరునాటి పొద్దున సామి బావి దగ్గరికి వచ్చేసరికి మద్దిలేటి తన కూతురు పావనికి బెండ్లు కడుతున్నాడు. తక్కిన పిల్లలకు రెండో మూడో ఉన్నాయి. పావనికి వీపంతా కప్పేశాడు. ప్రతి బెండునూ గోటితో నొక్కి చూస్తున్నాడు, నీళ్లు పీల్చి బరువెక్కిందేమోనని. పక్కనున్నాయన సాయం చేసి వేసిన ముడిని, ఆ మనిషి అటు తిరగగానే విప్పి, మళ్లీ తానే వేశాడు.

పావని నీళ్లలోకి దిగింది. అన్ని బెండ్లతో సొరబుర్రలాగా పైకి తేలింది. నీళ్లు పొట్టకు తగులుతున్నాయే గానీ, కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి. ఎలాగో కాస్త ముందుకు కదిలితే తాడు బిగిసి మళ్లీ మెట్టు దగ్గరికే వచ్చేది.

"చూసినారా సామీ, కాళ్లు ఎట్ల ఆడిస్తాందో. పనిదొంగ. కావాలనే చేస్తాందని నాకు అనుమానం."

పావని మెట్టు పట్టుకుని తల ఎత్తింది. "నువ్వు తాడు వదుల్తావు. నాకు తెలుసు."

"యాపొద్దన్నా వదిల్నానా నేను?"

"మొన్న పావురాయి చూడు అని చూపిచ్చి, ఎనకనుంచి మామ చేత తోపిచ్చినావు గదా."

అవతలి మెట్ల మీద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు నవ్వారు. మద్దిలేటి సామి వైపు తిరిగాడు. "అందర్నీ అట్లనే తోస్తారు సామీ. అట్లయితేనే భయం పోతాదంటారు. మా నాయన నన్నూ తోసినాడు."

"నీకు భయం పోయిందా?"

"ఆ పొద్దునుంచి నేను బావి దిగలేదు" అన్నాడు మద్దిలేటి.

సామి పావనిని పైకి పిలిచి, ఆమె వీపున ఉన్న బెండ్లన్నీ విప్పించి అతని చేతిలో పెట్టారు. "కట్టుకో."

"నాకేంటికి సామీ? ఈ వయసులో ఈత నేర్చుకునేదా?"

"నేర్చుకోమనలేదు. తడిసి రా."

మద్దిలేటి ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. ఎగతాళి చేస్తున్నారా? పిల్లా, ఈయనా ముందే మాట్లాడుకుని వచ్చారా? ఏమీ తేలలేదు. చొక్కా విప్పి, బెండ్లను మరోసారి గోటితో నొక్కి, కట్టుకున్నాడు. తాడు నడుముకు బిగించుకుని, దాని కొస పావని చేతికిచ్చి, ఆమె గట్టిగా పట్టుకుందో లేదో లాగి చూశాడు. ఆమె వెనుక సామి కూడా అదే తాడు పట్టుకుని నిలబడ్డారు. దాన్నీ లాగి చూశాడు.

నీళ్లు ఛాతీకి తగలగానే ఆగిపోయాడు. "పట్టుకోనుండావా పాపా?"

"పట్టుకోనుండాలే."

ఇంకో మెట్టు దిగాడు. "నిజంగానా?"

కాళ్లు తేలిన క్షణంలో తాడు చూసుకోవడానికి తల వెనక్కి తిప్పాడు. నోట్లోకి నీళ్లు పోయాయి. దగ్గి, సర్దుకుని, మళ్లీ తిప్పాడు. మళ్లీ నీళ్లు.

"మద్దిలేటన్నా, నీళ్లు గూడా కొరికి చూస్తాండావా?" అంది బట్ట బాదుతున్న ఒకామె.

అందరూ నవ్వారు. పావని నవ్వలేదు. తండ్రి కళ్లలో ఉన్న భయం ఆమెకు కొత్తది కాదు, మొన్న తనకు కలిగినదే. తాడు పూర్తిగా సామి చేతికి వదిలి, "మీరు వదల్రు గదా?" అని అడిగింది. "వదల్ను" అన్నారు సామి. ఆమె మెట్లు దిగి, గోడ రాయి పట్టుకుని తండ్రికి ఎదురుగా నీళ్లలో ఆగింది.

"ఎనక్కి చూడొద్దు నాయనా. నన్ను చూడు. కాళ్లు కప్ప మాదిరి ఆడించు."

"నువ్వు బెండ్లు లేకుండా ఎట్ల దిగినావు?"

"నా బెండ్లన్నీ నీ ఈపున ఉండాయి గదా" అని, పక్కకు వచ్చి, అతని వీపున ఒక బెండును పట్టుకుంది.

ఇద్దరూ కాళ్లాడించారు. మొదట ఒకరి కాళ్లు ఒకరికి తగిలాయి. ఆమె విసుక్కుంది, అతను కసురుకున్నాడు. బావి మధ్యకు వచ్చేసరికి ఆ కసుర్లు కూడా ఆగాయి. ఊపిరి చప్పుడూ, నీళ్ల చప్పుడూ మాత్రమే వినిపించాయి. ఎదురు గోడ రాయి చేతికి తగిలాక ఇద్దరూ దాన్ని పట్టుకుని రొప్పుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అంతలోనే మద్దిలేటి తల గిరుక్కున తిప్పాడు. "సామీ, నడిమధ్యలో వదిలేసినారు గదా?"

సామి చెయ్యి ఎత్తి చూపించారు. తాడు ఆయన పిడికిట్లోనే ఉంది.

"వదుల్తారనే అనుకున్యా. నేర్పేవాళ్లందరూ అదే చేస్తారు."

"నీ బిడ్డ నన్ను మాట అడిగింది, ఇచ్చినా" అన్నారు సామి.

తిరిగి వచ్చి గట్టెక్కాక పావని లంగా అంచు పిండుకుంటూ అడిగింది. "రేపు గూడా దిగుతావా నాయనా? గట్టుమీదనే ఉంటావా?"

మద్దిలేటికి వేళకు అంగడి తెరవాలని గుర్తొచ్చింది. ఆడవాళ్ల నవ్వు గుర్తొచ్చింది. పిల్ల తన ముఖంలోకే చూస్తూ ఉంది.

"దిగుతా" అన్నాడు.

తర్వాత ఆమెకు వినపడకుండా సామి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు. "మేమిద్దరం నీళ్లలో ఉంటే గట్టుమీద తాడు పట్టుకునేది ఎవురు సామీ? రేపు మీరు రాకపోతే? ఎవుర్ని నమ్మేది?"

సామి తడి తాడును చుట్ట చుట్టి అతని చేతిలో పెట్టారు.

"గట్టుమీద నిలబడేవాళ్లు శానామంది ఉండారు మద్దిలేటీ. దిగేవాళ్లే కరువు."