పేరు చెప్పని చలివేంద్రం

పూర్వం త్రేతాయుగంలో, సువాహినీ నదీజలాలతో సస్యశ్యామలమై, చెరకుతోటలతో పూలతోటలతో కళకళలాడుతూ, కౌముదమనే చిన్న రాజ్యం ఒకటి ఉండేది. సత్యసంధుడూ, ప్రజావత్సలుడూ, అతిథిపూజాధురంధరుడూ అయిన ఒక రాజు దానిని పాలించేవాడు. ఆయన పేరేమిటని మాత్రం నన్ను అడగకండి. పురాణం చెప్పేవాడు రాజు పేరు లేకుండా కథ మొదలుపెట్టడమేమిటని మీరు నొసలు చిట్లించవచ్చు. ఎందుకు చెప్పలేదో కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. అందాకా ఆయనను కౌముదరాజు అందాం.

కౌముదానికి పడమట వజ్రకూటమనే మహారాజ్యం. ఏనుగులు, రథాలు, కోటలు, సైన్యం అన్నీ ఉన్నాయి గాని, నది లేదు. ఎండాకాలం వస్తే అక్కడి ఎర్రమట్టి మైదానాలు పెనంలా కాలిపోయేవి. అందుచేత కౌముదప్రజలకు తాతముత్తాతలనాటి నుంచి ఒక ఆచారం ఉండేది. చైత్రం దాటగానే కావడి కుండలతో నీళ్లు మోసుకుని ఎల్లలు దాటి వెళ్లి, వజ్రకూటపు బాటల పక్కన తాటాకు పందిళ్లు వేసి, తడి ఇసుకలో కొత్త కుండలు నిలిపి, వట్టివేళ్లు వేసి, వచ్చినవారికల్లా దోసిట్లో నీళ్లు పోసేవారు. దానికి ఒకటే నియమం. పోసేవాడు తాగేవాడి పేరు అడగకూడదు, తన పేరు చెప్పకూడదు. తాగేవాడు వేళ్లు విడదీసి చాలు అనేదాకా ధార ఆపకూడదు. కౌముదంలో పుట్టినవాడు జన్మలో ఒక్క వేసవి అయినా ఆ పందిట్లో కూర్చోకపోతే, వాడికి పిల్లనిచ్చేవారు కూడా వెనకాడేవారట.

నీళ్లు తాగినవారు ఊరికే లేచిపోరు గదా. నీడన కాసేపు నడుం వాల్చేవారు. కౌముదంవారు పాడుకునే నాట్లపాటలు, మగ్గంపాటలు, జోలపాటలు వినేవారు. అలా వినీ వినీ, వజ్రకూటంలో తల్లులు తమ బిడ్డలను కౌముదపు జోలపాటలతోనే నిద్రపుచ్చేవారు. అది ఎక్కడినుంచి వచ్చిన పాటో వారికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ పడలేదు. కొడుకులను కౌముదపు ఆశ్రమాలకు చదువుకు పంపేవారు, కూతుళ్లను కౌముదానికి కోడళ్లుగా ఇచ్చేవారు. వజ్రకూటపు రాజులు అప్పుడప్పుడు సువాహినిపై కన్నువేసి దండయాత్రకు పిలుపునిస్తే, సైనికుల్లో ఒకడికి జ్వరం, ఒకడికి ఇంట్లో పురిటి మైల, ఒకడికి కాలు బెణుకు. దండు కదిలేది కాదు. కౌముదానికి కోటగోడ లేకపోయినా, గోడ లేదన్న సంగతే ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు.

ఇలా ఉండగా కౌముదరాజు కొలువులో వాచాలురలోకెల్లా వాచాలుడైన ప్రగల్భుడనే మంత్రి, ఒకనాడు చేతులు జోడించి ఇలా విన్నవించాడు.

"మహారాజా, ఏలినవారి నీళ్లు తాగని వజ్రకూటవాసి లేడు. కాని ఏలినవారి పేరు తెలిసిన వజ్రకూటవాసి కూడా లేడు. ఇంత దానం, ఇంత శ్రమ, కీర్తి మాత్రం సున్న. పరదేశాల్లో మన ఘనత మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు? తమరిపై నేనొక సీసపద్యం రచించాను. నీళ్లు పోసేముందు దానిని చదివించి, తాగేవారిచేత కౌముదాధీశ్వరుడికి జయం అనిపిస్తే చాలు."

అడవుల్లో ఏళ్లతరబడి తపస్సు చేసినవారికే పొగడ్త చెవిన పడితే మనసు మెత్తబడుతుంది. ఆయన రాజు. సరేనన్నాడు.

మరుసటి వేసవి నుంచి పందిళ్లలో వింత కార్యక్రమం మొదలైంది. ఎండకు నాలుక పిడచగట్టుకుపోయి, దోసిలి పట్టి వంగిన బాటసారి ఎదుట, కౌముదీయుడు చెంబు పైకెత్తి పట్టుకుని, సీసం నాలుగు పాదాలూ చదివి, ఎత్తుగీతి కూడా సాగదీసి పాడి, జయం అనిపించుకుని, అప్పుడు ధార వదిలేవాడు. గొర్రెలు కాచుకునే కురంగి అనే ముసలమ్మ ఏటేటా ఆ పందిట్లోనే దాహం తీర్చుకునేది. మొదటిరోజు పద్యం పూర్తిగా విని, నీళ్లు తాగకుండానే వేళ్లు విడదీసింది.

"పద్యం బాగుంది నాయనా," అంది. "ముందు గొంతు తడిపి ఉంటే ఇంకా బాగుండేది. ఇన్నాళ్లూ మా మీద జాలితో పోస్తున్నారనుకున్నాను. మీ రాజు గొప్ప కోసమా? అయితే ఆ నీళ్లు ఆయనకే పోసుకోండి."

ఆ మాట ఊరూరా పాకింది. పందిళ్లకు జనం రావడం తగ్గింది. జోలపాట కూడా ఎవరో నేర్పి పంపినదేమోనన్న అనుమానం పుట్టింది. నిన్నటిదాకా చల్లగా ఉన్న నీళ్లే ఇప్పుడు ఎత్తిపొడుపులా తోచాయి.

ఆ సమయంలో వజ్రకూటాన్ని ఏలుతున్నవాడు ప్రచండవిక్రముడైన చండఘోషుడు. అతడు గిరిశిఖరంపై ఒంటికాలి బొటనవేలిపై నిలిచి ఘోరతపస్సు చేసి, చతుర్ముఖుడిని మెప్పించి, "ఏ ఆయుధమూ నన్ను ఆపకూడదు, ఏ కోటా నన్ను ఆపకూడదు, దేవతలైనా నా దారికి అడ్డు రాకూడదు" అని వరం కోరాడు. బ్రహ్మదేవుడు తథాస్తు అని, "ఇంకేమైనా మరిచావా నాయనా?" అని అడిగాడట. మరిచిందేమీ లేదన్నాడు చండఘోషుడు. విధాత చిరునవ్వు నవ్వి అంతర్ధానమయ్యాడు.

వరగర్వంతో తిరిగివచ్చిన ఆ రాజు ప్రజలను పిలిపించి, "మీచేత దోసిలి పట్టించి, జయం అనిపించి, కౌముదరాజు మిమ్మల్ని తన సామంతులుగా జమకట్టుకుంటున్నాడు. ఆ నది మనదైతే మీరెవరికీ దోసిలి పట్టనక్కరలేదు" అన్నాడు. ఈసారి ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరి కాలూ బెణకలేదు. కురంగి కొడుకైన ఉదగ్రుడే దళపతిగా ముందు నిలిచాడు.

ఆ వార్త కౌముదరాజుకు చేరింది. గోడలేని పట్టణం, అందులో నిండుచూలాలైన రాణి, తనను నమ్ముకున్న ప్రజలు, ఎదుట ఎవరూ ఆపలేని శత్రువు. ఆయన పరుగుపరుగున అరణ్యానికి పోయి, తపోనిధి అయిన ఆర్జవ మహర్షి పాదాలపై పడ్డాడు.

"లే, నాయనా," అన్నాడు మహర్షి. "నీకు కోట ఉండేది. ఆ కోటను నువ్వే పద్యం చదివించి కూల్చుకున్నావు. ఎదుటివాణ్ణి తోసి లొంగదీసుకునే బలం ఒకటి. ఎదుటివాడే మనసుపడి మన దగ్గరికి వచ్చేలా చేసే బలం మరొకటి. నీ తాతముత్తాతలకు ఉన్నది రెండవది. అది నా ఘనత చూడు అన్న క్షణాన మొదటిదానికి నకలుగా మారిపోతుంది, అదీ చేతకాని నకలు."

"పద్యం ఈ క్షణమే మాన్పిస్తాను, మునీంద్రా. మాన్పించినట్టు వజ్రకూటంలో చాటింపు వేయిస్తాను."

"మళ్లీ చాటింపేనా?" అని మహర్షి నవ్వాడు. "నమ్మకం డప్పు కొడితే తిరిగి రాదు. నువ్వు నీ జన్మలో పందిట్లో కూర్చున్నావా?"

రాజు తల వంచుకున్నాడు. యువరాజుగా ఉన్నప్పుడు ఆయన బదులు ఆయన సేవకుడు కూర్చున్నాడు.

"అయితే వెళ్లి కూర్చో."

కౌముదరాజు కిరీటం, కుండలాలు విప్పి రాణి చేతిలో పెట్టి, ముతక పంచె కట్టుకుని, కావడి భుజాన వేసుకుని, వజ్రకూటపు ఎర్రమట్టి మైదానంలో అన్నిటికన్నా చివరనున్న పందిరికి చేరుకున్నాడు. ఎవరూ రాలేదు. బాటసారులు ఎండలోనే నడిచిపోతూ పందిరివైపు చూసి మొహం తిప్పుకునేవారు. ఆయన కుండలు కడిగి నింపి, సాయంత్రానికి ఆ నీళ్లు గొర్రెల తొట్టిలో పోసి, తెల్లవారి మళ్లీ నింపేవాడు. భుజం కాయకట్టింది. తన ఆచారం తాను ఎరగకుండానే ఇన్నాళ్లూ రాజునని తిరిగినందుకు ఆయనకు సిగ్గు వేసింది.

ఒక మధ్యాహ్నం కురంగి వచ్చింది. గొర్రెలు తొట్టి దగ్గర ఆగిపోవడంతో ఆమె కూడా ఆగవలసి వచ్చింది. దాహం ఆగక దోసిలి పట్టి, ఇక పద్యం మొదలవుతుందని కళ్లు మూసుకుని నిలబడింది. చేతుల్లో చల్లటి ధార పడేసరికి ఉలిక్కిపడి, తాగి, తల ఎత్తింది.

"పద్యం ఏదీ?"

"మరిచిపోయానమ్మా."

"మంచిపని చేశావు," అని ఆ ముసలమ్మ మళ్లీ దోసిలి పట్టింది. మరునాడు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. ఆ తరువాత పందిరి నీడ చాలక జనం తాటాకుల అంచున కూర్చునేవారు. చాన్నాళ్లకు ఎవరో తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుని పాత జోలపాట ఎత్తుకుంది. కుండ వెనక కూర్చున్న రాజుకు కళ్లు చెమర్చాయి.

అయితే దండు అప్పటికే కదిలింది. జ్యేష్ఠమాసపు ఎండలో, ధూళి ఆకాశానికి లేస్తుండగా, వజ్రకూటసైన్యం ఆ మైదానంలో అడుగుపెట్టింది. అది తెలిసి ప్రగల్భుడు గుర్రంమీద చాటుమాటుగా వచ్చి, రాజును పందిరి వెనకకు పిలిచి, చెవిలో చెప్పాడు.

"మహారాజా, దైవం మన పక్షాన ఉంది. ఈ మైదానంలో మన కుండలు తప్ప చుక్క నీరు లేదు. పందిళ్లన్నిటిలోనూ కుండలు పగలగొట్టిస్తే, దండు సగం దారిలోనే కూలిపోతుంది. ఆయుధం ఎత్తకుండానే గెలుస్తాం. ఒక్క మాట సెలవివ్వండి."

రాజుకు పట్టణం గుర్తొచ్చింది, రాణి గుర్తొచ్చింది. అప్పుడు పందిరి ముందు ఎవరో దోసిలి పట్టి నిలబడ్డారు. ఆయన అలవాటుగా చెంబు అందుకున్నాడు.

"వద్దు, ప్రగల్భా," అన్నాడు ధార పోస్తూనే. "దాహంవేసినవాడిని చూసి ఒకసారి మన లాభం లెక్కవేసుకున్నాం. దాని ఫలమే ఈ దండు. రెండోసారి వేయలేను. కుండలన్నీ నిండుగా ఉంచమని చెప్పు."

దండు పందిళ్లను చేరింది. సైనికులు అనుమానంగానే దోసిళ్లు పట్టారు. పద్యం లేదు, జయం లేదు, ఎవరివారని అడిగినవారు లేరు. తమ ఊళ్లను కాల్చడానికి వెళుతున్నవారని తెలిసీ, కౌముదంవారు వంగి, వేళ్లు విడదీసేదాకా పోశారు. చుట్టుపక్కల ఊళ్ల స్త్రీలు కూడా కడవలు ఎత్తుకుని వచ్చి సాయం పట్టారు. దళపతి ఉదగ్రుడి దోసిట్లో నీళ్లు పోసింది అతని తల్లి కురంగే.

"తాగు నాయనా," అంది ఆమె. "చిన్నప్పుడు నీకు వడదెబ్బ తగిలినప్పుడు ఇదే పందిట్లో బతికించుకున్నాను. తాగి, ఎక్కడికి పోతావో పో."

ఉదగ్రుడు తాగాడు. కత్తి విప్పి పక్కన పెట్టి, నీడలో చతికిలబడ్డాడు. వెనకవాళ్లు కూడా కూర్చున్నారు. చండఘోషుడు రథంపై నిలిచి శంఖం పూరించాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పూరించాడు. ఉదగ్రుడు చేతులు జోడించి, "ప్రభూ, మమ్మల్ని శిక్షించండి. ఈ చేతులతో ఆ ఊరు కాల్చలేము" అన్నాడు. వరంలో మరిచింది ఏమిటో ఆ రాజుకు అప్పుడు తెలిసింది. తన వెనక నడిచేవారి మనసు మారకూడదని కోరుకోవడం అతడికి తట్టలేదు.

అయినా అతడిని ఆపగలవారు లేరు. కళ్లు చింతనిప్పులై, ఒరలోని ఖడ్గం దూసి, ఒంటరిగా చివరి పందిరికి వచ్చి, ముతకపంచె మనిషి గుండెలమీద మొన ఆనించాడు.

"ఈ మాయకు కర్త ఎవడు? మీ రాజెక్కడ? నీ పేరేమిటి?"

చెబితే ఆచారం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. కౌముదరాజు చెంబు పైకెత్తాడు.

"నీళ్లు పోసేవాడు పేరు చెప్పడయ్యా. తమరు ఎండనపడి వచ్చారు. ముందు తాగండి."

తెల్లవారి నుంచి రథంమీద ఎండకు నిలబడిన మనిషి అతడు. వరాలకు దాహం తీర్చే శక్తి లేదు. చండఘోషుడు ఖడ్గం చంకకింద ఇరికించుకుని దోసిలి పట్టాడు. పట్టి, తాగి, తాగి, ఎంతకూ వేళ్లు విడదీయలేదు. ధార ఆగలేదు. చివరకు విడదీసి, గడ్డం తుడుచుకుంటూ, "ఇవి ఎవరి నీళ్లు?" అన్నాడు, ముందున్న కరకుదనం లేకుండా.

"తాగినవారివే."

సరిగ్గా అప్పుడే, పందిరి వెనకనుంచి తొంగిచూసిన ప్రగల్భుడు ఖడ్గం ఒక్కటే చూసి, "మహారాజా, పారిపోండి" అని గావుకేక పెట్టాడు. ఆ మంత్రి జన్మలో సమయానికి పలికిన మాట అదొక్కటేనని నా అభిప్రాయం.

చండఘోషుడు ముతకపంచె మనిషిని ఎగాదిగా చూశాడు. కాయకట్టిన భుజం చూశాడు. తరువాత కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు.

"నీ పేరు విని నిన్ను చంపాలని బయలుదేరాను. నీ పేరు వినకుండా నీ నీళ్లు తాగేశాను," అని ఖడ్గం ఒరలో పెట్టాడు. "లోకం విననీ. నన్నెవరూ ఆపలేదు. నేనే ఆగాను." అని కౌముదరాజును కౌగిలించుకున్నాడు. మైదానమంతా ఊపిరి పీల్చుకుంది. ఉదగ్రుడు తల్లి కొంగులో మొహం దాచుకుని ఏడ్చాడు.

అప్పుడు పశ్చిమదిక్పాలకుడూ, జలాధిదేవతా, పాశహస్తుడూ అయిన వరుణదేవుడు మేఘగంభీరస్వరంతో ప్రత్యక్షమై, "రాజులారా, ప్రసన్నుడనయ్యాను. వరం కోరుకోండి" అన్నాడు. ఇద్దరూ ఏకకంఠంగా ఆ మైదానానికి నీరు కోరారు. వరుణుడు పాశాన్ని నేలపై ఈడ్చగా, ఆ గీత వెంట సువాహిని నుంచి ఒక పాయ చీలి, ఎర్రమట్టిని తడుపుకుంటూ వజ్రకూటానికి పారింది. రెండు రాజ్యాలకూ ఆపై యుద్ధమన్నది లేదు. రాణి సుఖంగా ప్రసవించిందనీ, ఉయ్యాలలో పాడడానికి కురంగి కౌముదానికి కాలినడకన వెళ్లిందనీ చెబుతారు.

"కౌముదాధీశా, నీకంటూ ఏమీ కోరలేదే?" అన్నాడు వరుణుడు.

"స్వామీ, లోకం ఉన్నంతకాలం ఆ పందిళ్లు నిలవాలి. వాటిమీద నా పేరు మాత్రం నిలవకూడదు."

తథాస్తు అన్నాడు దేవుడు. వెనువెంటనే శాసనాల్లో, వంశావళుల్లో, ప్రగల్భుడి సీసపద్యంలో సైతం ఆ పేరున్న చోటు మాసిపోయింది. అందుకే నాకు తెలియదు, మా గురువుగారికీ తెలియదు. వేసవిలో ఈ కథ విన్నవారి ఇంట నీటికి కొరత ఉండదని పెద్దలు చెప్పారు. మీరు ఎండనపడి వచ్చి, పేరు తెలియనివారి పందిట్లో దోసిలి పట్టినప్పుడు, చేతుల్లో పడిన ఆ చల్లదనమే ఆయన పేరు.