దస్తగిరి చేసిన వలందా పొగాకు

దస్తగిరికి కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. దానికి కారణం పొగాకు. తాగడం వల్ల కాదు, తాగినవాళ్ల మాటలు వినడం వల్ల.

బందరులో వలందపాలెం దగ్గర ఖైరుద్దీన్ బాబాది చిన్న పొగాకు కొట్టు. బాబా సూఫీ. నమాజు ఎంత శ్రద్ధగా చేసేవాడో, ఆకులోంచి ఈనె తీయడం కూడా అంత శ్రద్ధగానే చేసేవాడు. జ్ఞానం కావాలని ఎవరైనా వస్తే మాటలేమీ చెప్పకుండా బుట్టెడు ఆకు ముందు పెట్టి, ఈనెలు తియ్యమనేవాడు. సగంమంది ఆ బుట్టను చూసే పారిపోయేవారు. దస్తగిరి పారిపోలేదు. మీసాలు రాని వయసులో వచ్చినవాడు, గడ్డం దట్టంగా పెరిగేదాకా ఆ కొట్లోనే ఉండిపోయాడు.

ఆ కొట్లో అమ్మేది ఒకటే సరుకు. దాన్ని వలందా పొగాకు అనేవారు. పూర్వం వలందా దొరలు, అంటే డచ్చివాళ్లు, బందరులో ఉన్న రోజుల్లో తమ పైపుల కోసం ఇలా చేయించుకునేవారట. ఆకుకి ఆవిరి పట్టించి, చెక్కల మధ్య బిగించి, వారాల తరబడి మాగబెట్టి, తర్వాత సన్నగా తరుగుతారు. ఘాటు తక్కువ, ధర అంతకంటే తక్కువ. పడవలవాళ్లు, ఉప్పుకొటార్ల కాపలావాళ్లు పొద్దస్తమానం పైపు నోట్లో పెట్టుకుని తిరిగినా తల తిరిగేది కాదు.

బాబాకి కూడా అదే దిక్కు. అంతకుముందు ఒకసారి గుండె పట్టేసి పడిపోతే హకీం సాహెబ్ నాడి చూసి, "ఘాటు సరుకు ఇంకోసారి పీల్చారా, నన్ను పిలవకండి, గోరీలు తవ్వేవాణ్ణి పిలవండి" అని మొహం మీదే చెప్పాడు. అప్పట్నుంచి రోజుకొక్క పైపు, అది కూడా వలందా పొగాకే.

ఆ ఏడు బాబా చేతులు వణకడం మొదలుపెట్టాయి. తరిగే కత్తిని దస్తగిరి చేతికిచ్చి, "ఈసారి సరుకు నువ్వే చెయ్యి. నేను వేలు పెట్టను" అన్నాడు. దస్తగిరి ప్రాణం పెట్టి చేశాడు. అచ్చం బాబా చేసినట్టే వచ్చింది. బాబా ఒక పైపు తాగి, "బాగుంది" అన్నాడు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. దస్తగిరికి ఆ ఒక్క 'బాగుంది' చాల్లేదు. కొట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని, ఎలా ఉందండీ, ఎలా ఉంది మామా అని అడగడం మొదలుపెట్టాడు. అడిగితే చెప్పకుండా ఊరుకునే జనమా మనది!

ఎస్టేటులో దివాన్‌గిరీ చేసి దిగిపోయిన రామభద్రయ్య గారు, "గడ్డివాము అంటుకున్నట్టుందోయ్" అన్నారు. పడవ సరంగు పోతురాజు పైపు నోట్లోంచి తీసి, తిప్పి చూసి, "పొగ వస్తోంది సరే, పొగాకేదిరా?" అన్నాడు. ఒకాయన తడిగా ఉందంటే దస్తగిరి సరుకుని ఎండలో పోశాడు. మర్నాడు ఇంకొకాయన మరీ ఎండిపోయింది, నాలుక కాలుతోంది అంటే నీళ్లు చిలకరించాడు. ఒకరికి తీపెక్కువైంది, ఇంకొకరికి చప్పగా ఉంది. అత్తరు అమ్మే హుసేనీ సాహెబ్ అయితే ఒక్క దమ్ము పీల్చి, పెద్ద నిట్టూర్పు విడిచి, "పోన్లే బేటా, ఈ ధరకి ఇంతకంటే ఏమొస్తుంది" అన్నాడు. తిట్టినవాళ్లని దస్తగిరి ఎలాగో భరించాడు గానీ, జాలిపడ్డ ఈ పెద్దమనిషి మాట మాత్రం కడుపులో ముల్లులా ఉండిపోయింది.

నచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఉప్పుకొటారు కాపలాదారు సైదులు ప్రతి శుక్రవారం వచ్చి, పొట్లం తీసుకుని, సలాం చేసి పోయేవాడు. ఏనాడూ ఏమీ అనేవాడు కాదు. అందుకే దస్తగిరి అతన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబా, ఒకడు ఒకటంటాడు, ఇంకొకడు ఇంకొకటంటాడు. నేను ఎవరి మాట వినాలి?"

బాబా ఈనె తీస్తున్న ఆకు మీంచి కళ్లెత్తలేదు. "శుక్రవారం నమాజు అయ్యాక వాళ్లని పిలువు. అందరం కూర్చుని తాగుదాం" అన్నాడు.

అంతే. అది జవాబో కాదో దస్తగిరికి అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒకటే. శుక్రవారం నాడు అందరి ముందూ, బాబా ఎదుట, తన సరుకు మళ్లీ గడ్డి అనిపించుకోబోతోంది. ఒళ్లు మండిపోయింది.

గురువారం బాబా దర్గాకి వెళ్లాడు. ఆయన సందు తిరిగేదాకా చూసి, దస్తగిరి బజారుకి పరుగెత్తి నాటు పొగాకు తెచ్చాడు. చుట్టలకి వాడే నల్ల ఆకు అది. తరుగుతుంటేనే తుమ్ములు, కళ్లలో నీళ్లు. దాన్ని తన సరుకులో కలిపి, జాడీ నిండా కూరి మూత పెట్టాడు. కలిపే ముందు మాత్రం, మంచి సరుకు కొంత తీసి బాబా తోలు సంచీలో నింపి వేరే దాచాడు. బాబా ఎప్పుడూ ఆ సంచీలోంచే తాగుతాడు, ఆయనకేం కాదు అని తనకి తనే చెప్పుకున్నాడు. ఆ మాట ఒకసారి చెప్పుకుంటే సరిపోలేదు. పడుకోబోయే ముందు మళ్లీ చెప్పుకున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక ముగ్గురూ వచ్చి కొట్టు అరుగు మీద కూర్చున్నారు. రామభద్రయ్య గారు వెండి పొన్ను వేసిన పైపు తెచ్చుకున్నారు. పోతురాజు పైపుకి కాడ విరిగితే దారం చుట్టాడు. హుసేనీ సాహెబ్ ముందే జాలిగా ఒక నవ్వు నవ్వాడు.

"కానీవోయ్, నీ గడ్డి ఎలా ఉందో చూద్దాం" అన్నారు దివాన్ గారు.

దస్తగిరి జాడీ మూత తీసి ముగ్గురి పైపులూ నింపాడు. జాడీ మూత పెట్టబోతుండగా బాబా తన పైపు ముందుకు చాపాడు.

"నాక్కూడా నింపు బేటా."

దస్తగిరి చటుక్కున లోపలికి తిరిగాడు. "ఉండండి బాబా, మీ సంచీ తెస్తాను."

"సంచీ ఎందుకురా? అందరూ తాగేదే నేనూ తాగుతాను."

"అది... మీది మెత్తగా తరిగి పెట్టాను బాబా. మీ కోసమే..."

"దీన్ని కూడా నువ్వే తరిగావుగా" అన్నాడు బాబా. పైపు వెనక్కి తీసుకోలేదు.

ముగ్గురూ చూస్తున్నారు. దస్తగిరి జాడీలోంచి చిటికెడు తీసి, పైకి పైకి వేశాడు. బాబా బొటనవేలితో అదిమి చూసి, మళ్లీ చాపాడు. "నిండా వెయ్యి." దస్తగిరి నిండా వేశాడు. బాబా నిప్పు ముట్టించాడు.

మొదటి దమ్ముకే ఆయన రెప్పలు ఒక్కసారి వాలాయి. ఆరు పదుల వయసు దాకా ఆకుతోనే బతికిన మనిషికి ఏది ఏ ఆకో తెలియదా! పొగ వదిలి దస్తగిరి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమైనా ఉంటే దస్తగిరికి కాస్త తేలికయ్యేది.

"ఆహా!" అని అరిచారు రామభద్రయ్య గారు. "ఇదయ్యా పొగాకంటే! ఎవరు చేశారిది?"

"మా దస్తగిరే" అన్నాడు బాబా. ఇంకో దమ్ము లాగాడు.

"ఒరేయ్, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావురా ఇది?" అన్నాడు పోతురాజు తొడ మీద చరుస్తూ. "మొన్నటిది పసిపిల్లలకి పట్టే ఉగ్గు. ఇదీ మగాడు తాగేది!"

దస్తగిరి చెవులకి ఆ మాటలు అందుతున్నాయి గానీ లోపలికి దిగడం లేదు. కళ్లు బాబా పైపు మీదే ఉన్నాయి. ఆ కొట్లో చేరిన మొదటి రోజే బాబా అతనికి ఒక నియమం చెప్పాడు. ముట్టించిన పైపు బూడిదయ్యేదాకా దించకూడదు. ఆకు పండించినవాడి చాకిరీ సగంలో పారేయకూడదు. బాబా ఆ నియమం తప్పడం దస్తగిరి ఒక్కనాడూ చూడలేదు.

బాబా నుదుటి మీద చెమట పట్టింది.

"బాబా, షర్బతు తెస్తాను. పైపు కాస్త పక్కన పెట్టండి."

"ముట్టించాను కదరా."

"పోనీ లోపల కాసేపు నడుం వాల్చండి."

"అతిథులుండగానా?"

అంతకంటే ఏం చెప్పాలి? చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. అది గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. చెబితే ఈ ముగ్గురి ముందూ పరువు పోతుంది. సాయంత్రానికి బందరంతా తెలిసిపోతుంది. ఇక తన చేతి సరుకు ఎవరు ముట్టుకుంటారు? పైపు చిన్నదే కదా, సగం అయిపోయే ఉంటుంది, ఇంకో నాలుగు దమ్ములు, అంతే కదా అని లోపల ఎవరో బేరమాడుతున్నట్టుంది. ఆ బేరం తనదేనని తెలిసి దస్తగిరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

హుసేనీ సాహెబ్ పైపు నోట్లోంచి తీసి, గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "బేటా, ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ధరకి ఇంత సరుకు ఇటు బందరులో గానీ, అటు హైదరాబాదులో గానీ దొరకదు. అల్లా సాక్షిగా చెబుతున్నాను."

ఇన్నాళ్లూ నిద్ర కాచింది ఈ మాట కోసమే. దస్తగిరి ఆయన వైపు తిరగనైనా తిరగలేదు.

బాబా పెదాలు తెల్లబడ్డాయి. ఎడమ చెయ్యి అరుగు అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. కుడి చేతిలో పైపు వణికి, కాడ పళ్లకి తగిలి టకటకమంటోంది. దివాన్ గారు పెద్ద గొంతుతో ఏదో పొగుడుతున్నారు. పోతురాజు నవ్వుతున్నాడు. అంత గోలలో దస్తగిరికి ఆ టకటక ఒక్కటే వినిపించింది.

ఒక్క ఉదుటున లేచి పైపు లాగేశాడు. నిప్పు అరచేతిలో పడింది. విదిలించుకోను కూడా లేదు.

"చాలు బాబా! ఇది మన పొగాకు కాదు! నాటాకు కలిపాను... వీళ్ల చేత బాగుంది అనిపించుకోవాలని నేనే కలిపాను. చాలు, ఇక తాగకండి!"

బాబా మెల్లిగా పక్కకి ఒరిగిపోయాడు. దస్తగిరి ఆయన్ని ఒడిలోకి తీసుకుని, "బాబా! బాబా!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పోతురాజు పైపు అక్కడే పడేసి హకీం కోసం పరుగెత్తాడు. రామభద్రయ్య గారు చేతిలో పొగలు కక్కుతున్న పైపుని దూరంగా పట్టుకుని, "అవును, మొదటి దమ్ముకే నాకనుమానం వచ్చింది సుమా" అన్నారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

హకీం వచ్చి మందు నాలిక మీద వేసి, అందర్నీ తిట్టి, బాబాని లోపల పడుకోబెట్టించాడు. దస్తగిరి విసనకర్ర వదల్లేదు. ఆ ఊపిరి ఆగుతుందేమోనని ఒక్కొక్క శ్వాసకీ ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలి అసర్ నమాజు వేళకి బాబా మొహంలోకి రంగు తిరిగొచ్చింది. హకీం మళ్లీ నాడి చూసి, గండం గడిచిందని చెప్పి, పోతూ పోతూ ఇంకోసారి తిట్టిపోయాడు.

ఇద్దరే మిగిలారు. చాలాసేపటికి బాబా కళ్లు తెరిచాడు.

"ఒరే దస్తగిరీ."

"బాబా." దస్తగిరి విసనకర్ర కింద పెట్టాడు. "నన్ను కొట్టండి బాబా. వెళ్లగొట్టండి."

బాబా అతని అరచేయి తీసుకుని కాలిన చోట చూశాడు. పక్కనున్న గిన్నెలో గుడ్డ తడిపి దాని మీద వేశాడు.

"ఎవరి మాట వినాలని అడిగావు కదూ మొన్న?"

దస్తగిరి అవునన్నట్టు తలూపాడు.

"ఇందాక ఎవరి మాట విని లేచావురా?"

దస్తగిరి ఆ క్షణాన్ని మళ్లీ గుర్తు చేసుకున్నాడు. దివాన్ గారు పొగుడుతున్నారు. సరంగు నవ్వుతున్నాడు. హుసేనీ సాహెబ్ అల్లా మీద ఒట్టు పెడుతున్నాడు. లెమ్మని ఎవరూ అనలేదు. బాబా అసలే అనలేదు.

వీధిలో ఎవరో దగ్గారు. సైదులు. పొట్లం కోసం వచ్చి, ఎప్పటిలాగే మెట్టు కింద నిలబడ్డాడు.

దస్తగిరి లేచి, జాడీ ఎత్తుకెళ్లి మొత్తం మురుగుకాలవలో కుమ్మరించాడు. లోపలికొచ్చి బాబా తోలు సంచీ తీశాడు. ఒకసారి బాబా వైపు చూశాడు. బాబా కళ్లు మూసుకుని ఉన్నాడు. దస్తగిరి ఆ సంచీలోంచి తీసి, పొట్లం కట్టి సైదులుకిచ్చాడు.

సైదులు పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, రొంటిన దోపుకుని, సలాం చేసి, తన దారిన తను వెళ్లిపోయాడు.

ఎలా ఉందని దస్తగిరి అడగలేదు.