మావటి గంగప్పకు వారసుడు

పూర్వం వెలగదుర్గమని ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజుగారి ఏనుగు వీధిలోకి వస్తే ఆడవాళ్లు చేటలో బెల్లం పెట్టుకుని గుమ్మాల్లో నిలబడే రోజులవి. ఏనుగు పేరు భద్రం, దాని మావటి గంగప్ప. నలభై ఏళ్లు ఆ వీధుల్లో దాన్ని నడిపించి, ఒక వానాకాలంలో జ్వరం వచ్చి కన్నుమూశాడు.

అతనికి పిల్లలు లేరు. భార్య ఆదెమ్మ, పుట్టుకతోనే చూపు లేని చెల్లెలు నూకమ్మ మిగిలారు. పాత రాజుగారు ఇనాంగా ఇచ్చిన పెంకుటిల్లూ, వెనకాల తమలపాకు తోటా ఉన్నాయి. వాళ్లిద్దరికీ అదే బతుకు.

అప్పటి రాజు చండభూపాలుడికి తన మీసాలన్నా, తన శాసనాలన్నా మహా గర్వం. కొడుకు లేకుండా పోయినవాడికి రాజే వారసుడని ఆయన శాసనం వేయించి ఉన్నాడు. గంగప్ప పోయిన ఐదో రోజునే భటులు వచ్చి, పెద్దకర్మ కాగానే ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

ఆదెమ్మ ఆస్థాన విదూషకుడు సింగన్న ఇంటికి వెళ్లింది.

"నన్ను పొమ్మంటే ఏ సత్రంలోనో పడి ఉంటానయ్యా. మా ఆడబిడ్డ సంగతే నా బెంగ. ఆ ఇంట్లో గడప ఎక్కడో, బావి ఎక్కడో తనకి అడుగుల లెక్కన తెలుసు. ఇంకోచోట నాలుగు అడుగులు వెయ్యలేదు," అంది.

సింగన్న ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు. "పెద్దకర్మ ఎప్పుడు తల్లీ?" అన్నాడు.

"ఇంకా ఆరు రోజులుంది."

"ఆ పొద్దున ఇద్దరూ కోటకు రండి."

ఆ రోజు సభ నిండుగా ఉంది. ముందు సింగన్న, వెనక ఆడవాళ్లిద్దరూ, ఆ వెనక కత్తుల పొదితో మంగలి వచ్చి నిలబడ్డారు.

"సింగన్నా, ఈ మంగలి ఎందుకు?" అన్నాడు రాజు.

"ప్రభువులకు గుండు చెయ్యడానికి."

సభలోవాళ్లంతా రాజుగారి మీసాల వైపు చూశారు.

"గంగప్పకు వారసులు తమరేనని శాసనం," అన్నాడు సింగన్న వినయంగా. "కర్మ చెయ్యాల్సింది వారసుడే కదా. తలా మీసమూ తీయించుకుని ఏటి ఒడ్డున పిండం పెట్టాలి. అది ఇవాళే."

రాజు చెయ్యి మీసం మీదికి పోయింది. "మేము ఆస్తికి మాత్రమే వారసులం."

"శాసనంలో ఆ మాట లేదు ప్రభూ, వారసుడని మాత్రమే ఉంది. ఈవిడ ఆదెమ్మ, ఇకమీదట తమ తల్లిగారు. ఈవిడ తమ మేనత్తగారు. అంతఃపురంలో ఏ గది ఇప్పించమంటారు?"

"మమ్మల్ని మావటి కొడుకుని చేస్తున్నావా?"

"నేను కాదు ప్రభూ, తమ శాసనమే చేసింది."

అంతదాకా నోరు మెదపని నూకమ్మ ఆ గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"చిన్నదొరేనా మాట్లాడేది? చిన్నప్పుడు మీరోసారి భద్రం మీద నిద్రపోయారు. దింపితే లేస్తారని మా అన్న కోట చుట్టూ మూడుసార్లు తిప్పాడు. చప్పుడు కాకుండా ఏనుగు గంటకి గుడ్డ చుట్టాడు. గంట వినపడక, వాళ్లకేమైందోనని నేను గుమ్మంలోనే కూర్చున్నాను."

రాజు చెయ్యి మీసం మీంచి జారింది.

"ఎర్ర గుడ్డ," అన్నాడు నెమ్మదిగా. "తన తలపాగా చింపి కట్టాడు. లేచాక చూశాను."

కాసేపటికి ఆయన నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే నవ్వాడు. "అయితే సింగన్నా, మా మీసం దక్కాలంటే శాసనం మార్చక తప్పదన్నమాట."

"మంగలిని వెనక్కి పంపడానికి నాకు ఇంకో దారి కనపడలేదు ప్రభూ."

రాయసగాణ్ణి పిలిపించి, పోయినవాడి ఆస్తి మీద అతని నీడన బతికినవాళ్లదే మొదటి హక్కని రాజు అక్కడికక్కడే రాయించాడు. ఇల్లూ తోటా ఆ ఇద్దరివీ అయ్యాయి. తన చేతి కంకణం తీసి సింగన్న చేతికి తొడిగాడు.

ఆ మధ్యాహ్నం ఏటి ఒడ్డున ఆదెమ్మే పిండం పెట్టింది. నాలుగడుగుల దూరంలో, కిరీటం చేతిలో పట్టుకుని, ఆమె నీళ్లు వదిలేదాకా రాజు నిలబడే ఉన్నాడు.