నాయుడుగారి నలభై నిమిషాలు

రండమ్మా, ముందుకు జరగండి. వెనక గోడకి చేరబడ్డ అయ్యలు కూడా. సింహాద్రి అప్పన్న దయవల్ల నాకింకా గొంతు ఉంది, మీకు చెవులున్నాయి. మధ్యలో అంత ఖాళీ దేనికి?

విశాఖపట్నంలో ఉపద్రష్ట సోమశేఖరం గారని ఒక సంగీత గురువు ఉండేవారు. ఎడమ పక్కన వీణ, కుడి పక్కన సింథసైజరు యంత్రం పెట్టుకుని, రెంటికీ కలిపి ఒకే అగరుబత్తి వెలిగించేవారు. ఆయన శిష్యుడు పైడిరాజు. పాట లేకుండా, అంతా యంత్రాల మీదే కూర్చిన నాలుగు రచనలతో అరగంట రికార్డు వేశాడు. పాతకాలపు నల్లటి పెద్ద రికార్డే. ఇప్పుడు దానికి మళ్లీ మోజు వచ్చింది కదా! కొన్నవాళ్లు ఊరుకున్నారా? “వంకాయలు కొంటే రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తారు. నీ అరగంటకి కొసరేదయ్యా?” అని ఉత్తరాల మీద ఉత్తరాలు.

రెండో రికార్డు మర్నాడు అచ్చుకి పంపాలి. అందులోనూ నాలుగే రచనలు. పనికిరావని తానే పక్కన పారేసిన ఆరు ముక్కల్ని ఏరి తెచ్చుకుని, పైడిరాజు గురువు ముందు కూలబడ్డాడు.

“గురువుగారూ, విసుగెత్తిపోయింది. వీళ్లకి ఎంత ఇస్తే చాలంటారు? ఈ చెత్త కూడా కలిపేస్తాను. నా పేరు పోతే పోయింది!”

అడగ్గానే జవాబు చెప్పే అలవాటు గురువుగారికి లేదు. అంతలో చంకలో రికార్డుతో గొర్లె సత్యంనాయుడు గారు లోపలికొచ్చారు. అందరికంటే ఎక్కువ ఉత్తరాలు రాసింది ఈయనే.

“ఒక్కదానికీ జవాబు రాయవేటి బాబూ? సరే, మీ గురువుగారికే చెబుతాను. నలభై నిమిషాలేనండీ! గడియారం పెట్టి మరీ చూశాను. అదీ చూలు గేదె గట్టెక్కినట్టు సాగుతాది. సాగితే సాగింది, ఇంకో అరగంట సాగకూడదా?”

పైడిరాజు తల పట్టుకున్నాడు. “బాబూ, నేను చేసిందే ముప్పై నిమిషాలు. మీకు నలభై ఎక్కడివండీ?”

“అంటే నాకు ఎక్కువిచ్చానంటావా?”

“ఇంట్లో ఎలా వేసుకుంటారో అలాగే వేయండి నాయుడుగారూ,” అన్నారు గురువుగారు.

నాయుడుగారు అక్కడున్న రికార్డు ప్లేయర్ మీద రికార్డు పెట్టి, దాని వేగం మీటని ముప్పైమూడు దగ్గరికి తోశారు. నిద్రలో మూలుగుతున్నట్టు మోత బయల్దేరింది. రికార్డు నడిమధ్య మాత్రం నిమిషానికి నలభైఐదు చుట్లు అని అచ్చువేసి ఉంది. మెల్లగా తిరిగితే ముప్పై నిమిషాలు నలభై అవుతాయి మరి. పాడే మనిషి ఉంటే గొంతు బొంగురుపోయినప్పుడైనా అనుమానం వచ్చేది. యంత్రాల సంగీతం, ఎలా తెలుస్తుంది?

“పెద్ద రికార్డంటే ముప్పైమూడే. మా నాన్నగారి నాటి నుంచీ అంతే,” అన్నారు నాయుడుగారు.

పైడిరాజు ఒక్క ఉదుటున లేచాడు. “నాలుగు నెలలుగా నన్ను తిట్టింది దీనికా!”

“కూర్చోరా,” అని గురువుగారు మీటని నలభైఐదుకి మార్చి, ముల్లు అంచున పెట్టారు.

దరువు లేచింది. ముందు నాయుడుగారి బొటనవేలు కదిలింది, తర్వాత మోకాలు. అలా తల వంచుకుని కూర్చున్న మనిషి, రికార్డు ఒక పక్క అయిపోయినా తల ఎత్తలేదు.

“ఎంతసేపైంది నాయుడుగారూ?”

ఆయన ఉలిక్కిపడి చేతి గడియారం చూసుకున్నారు. “అయ్యో, ఎప్పుడు మొదలైందో చూసుకోలేదండీ. మళ్లీ వేయండి. ఈసారి లెక్క తేలుస్తాను.”

గురువుగారు ముల్లు ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టారు. అమ్మలారా, అయ్యలారా, నేను చెప్పిందంతా మరిచిపోయినా సరే, ఈ ఒక్క పని గుర్తుంచుకోండి. ఇంటికెళ్లి మీరూ ఒకసారి చేయండి.

ఈసారీ నాయుడుగారి కళ్లు గడియారం మీద లేవు, మూతపడి ఉన్నాయి. పైడిరాజు ఉండబట్టలేక గురువు చెవిలో అడిగాడు: “మరి ఈ ఆరు ముక్కలూ ఏం చేయమంటారు?”

గురువుగారు పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

“ష్. ఆయన వింటున్నారు.”