ఇరవై ఏడు గ్రాఫులు

నా పరిశోధన పేపరులో ఉన్నది ఒకే ఒక్క అబద్ధం. అది మా గైడు మాణిక్యాంబ మేడమ్ కంట పడకపోతే చాలనుకుంటూ ఆ పొద్దున ఆవిడ గదిలోకి వెళ్ళాను.

సంగతేమిటంటే, విశ్వం ఇంకా పసిదిగా ఉన్నప్పుడే కొన్ని గెలాక్సీలు నక్షత్రాల్ని పుట్టించడం మానేశాయి. టెలిస్కోపుల్లో అవి బోలెడు కనిపిస్తున్నాయి. మేం కంప్యూటర్లో కట్టిన విశ్వంలో మాత్రం అంత తొందరగా అన్ని ఆగేవి కావు. నాలుగేళ్ళుగా నా తిప్పలన్నీ దీంతోనే.

గెలాక్సీ నడుమ ఉండే బ్లాక్‌హోల్ చుట్టుపక్కల వాయువుని తరిమేస్తే ఇక నక్షత్రాలకి ముడిసరుకు ఉండదు. ఎంత గట్టిగా తరమాలో చెప్పే అంకె ఒకటి ప్రోగ్రాములో ఉంటుంది. దాన్ని మార్చాను, మళ్ళీ మార్చాను. ఇరవై ఏడోసారి టెలిస్కోపు లెక్కతో అచ్చుగుద్దినట్టు కలిసింది. ఆ అంకెని ముందే ఎంచుకున్నామనీ, జవాబు దానంతటదే వచ్చిందనీ పేపరులో రాసేశాను. ఆ పేపరు అచ్చయితే నాకు ఉద్యోగం ఖాయం మరి!

మేడమ్ ఆసాంతం చదివారు.

"బావుందయ్యా విద్యాధర్. ఇవాళే పంపిద్దాం. ప్రోగ్రాము ఎన్నిసార్లు నడిపావేమిటి?"

ఒక్కసారే అనబోయాను. ఆవిడ మొహం చూస్తే నోరు రాలేదు. "ఇరవై ఏడు మేడమ్."

"అన్నిటి గ్రాఫులూ ప్రింటు తీసుకురా. వరండాలో గోడకి అంటిద్దాం, అందరూ చూస్తారు."

"చివరిది చాలు కదా మేడమ్?"

"మిగతావి ఏం పాపం చేశాయి?"

అరవై దాటిన మనిషి వరండాలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. టేపుని పంటితో కొరికి ఒక్కో ముక్కా నా చేతికి అందించారు. తిట్టినా హాయిగా ఉండేది.

ప్రతి గ్రాఫు పైనా నేను వాడిన అంకె, దాని పక్కన తేదీ. నా నిర్వాకం ఎవరైనా చదువుకోవచ్చు. డిపార్టుమెంటు పిల్లలంతా గుమిగూడారు. నా చెవులు కాలిపోతున్నాయి.

గ్రాఫులో ఒక్కో గెలాక్సీకి ఒక్కో రంగు గీత. గీత కిందికి పడిపోయిందంటే అక్కడ నక్షత్రాలు పుట్టడం ఆగినట్టు. ఇరవయ్యో కాగితం అంటిస్తుండగా నా చెయ్యి ఆగిపోయింది. అంకె మారినప్పుడల్లా మిగతా గీతలన్నీ అటూ ఇటూ జరిగాయి. ఆకుపచ్చది జరగలేదు. ప్రతి కాగితంలోనూ సరిగ్గా అదే చోట పడిపోయింది. నా అంకెతో దానికి పనే లేదు; దాన్ని ఆపుతున్నది ఇంకేదో.

దీన్ని ముందుగా కనిపెట్టింది నేను కాదు. తొమ్మిదోసారి నడిపినప్పుడే మా జూనియర్ నస్రీన్ అడిగింది, "అన్నా, ఈ ఆకుపచ్చది ఏం చేసినా అక్కడే ఆగుతోంది, ఎందుకు?" అని. "ముందు నీ పని నువ్వు చూసుకో" అన్నాను, నలుగురిలో. ఆ తర్వాత ఆ అమ్మాయి మీటింగుల్లో నోరు విప్పలేదు. అది నేను గమనించనైనా లేదు.

చివరి కాగితం అంటించాక మేడమ్ లేచి నిలబడ్డారు. "పంపిద్దామా?"

"వద్దు మేడమ్." ఆవిడకి మాత్రమే వినబడింది. మళ్ళీ అందరికీ వినబడేలా చెప్పాను. "అంకె ముందే ఎంచుకున్నామని రాశాను. అబద్ధం. కలిసేదాకా మార్చుకుంటూ పోయాను."

వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ నస్రీన్ వైపు తిరిగాను.

"ఆకుపచ్చ గీత గురించి ఆ రోజు నువ్వేదో అన్నావు కదమ్మా. దాని కారణమేమిటని నీకు అనిపించింది?"

నస్రీన్ నా వైపు చూడలేదు. చెప్పొచ్చా అన్నట్టు మేడమ్ వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"అతనికే చెప్పమ్మా," అన్నారు మేడమ్. "ఇప్పుడు వింటాడు."