నమలడం ఎవరి పని?

పూర్వం కంచుగిరి రాజ్యాన్ని సింహబలుడనే రాజు ఏలేవాడు. ఆయనకు పంతం ఎక్కువ, పొగడ్తంటే ప్రాణం. ఆయన కొలువులో చెంగల్వరాయుడనే చమత్కారి ఉండేవాడు. రాజుగారికి కోపం వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాట అని నవ్వించడమే అతని ఉద్యోగం. ఆ పనిలోనే తల నెరిసి, ఇప్పుడతనికి నవ్వన్నా నవ్వించడమన్నా విసుగు పుట్టింది.

ఆ ఏడు రాజుగారి దవడ పళ్ళు కొన్ని ఊడాయి, మిగిలినవి కదిలాయి. కోటలో అందరికీ తెలుసు, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. కూర ముక్క పంటికి తగిలితే చాలు, "రాళ్ళు వండావా?" అని వంటవాణ్ణి చెరసాలకు పంపేవాడు. కొత్తవాడు వచ్చేవాడు, వాడూ అక్కడికే పోయేవాడు. వైద్యుడు జావ తాగమని చెప్పి చూశాడు.

"జావ రోగులకూ ముసలివాళ్ళకూ. ఇంకోసారి మా ముందు మెత్తటి తిండి మాటెత్తితే నీకూ చెరసాలే," అన్నాడు రాజు.

ఖాళీ కడుపుతో చెప్పే తీర్పులు ఎలా ఉంటాయి? పొద్దున్నే కోడి కూసిందని దాన్ని పెంచుకున్నవాణ్ణి దేశం దాటించారు. చివరికి మహారాణి చెంగల్వరాయుణ్ణి పిలిపించింది.

"ఆయన కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో. మీరే ఏదో ఒకటి చెయ్యాలి రాయుడుగారూ," అంది.

అతను ఇంటికి వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. భార్య నాంచారమ్మకు సంగతంతా చెప్పాడు.

"అలిసిపోయానే. ఈసారి నా పాచిక పారకపోతే చెరసాలకే. అదీ మంచిదేలే, అక్కడ ఎవర్నీ నవ్వించక్కర్లేదు."

"చెరసాలకు తర్వాత వెళ్దురుగాని, ముందు ఈ గుమ్మడికాయ తరగండి," అంది నాంచారమ్మ.

గుమ్మడి ముక్కలూ సొరకాయ ముక్కలూ, కాస్త బచ్చలాకు, గుప్పెడు పెసరపప్పు కుండలో వేసి మెత్తగా ఉడికించింది. దింపి, పప్పుగుత్తితో ముక్కన్నది లేకుండా మెదిపింది. పలచటి గుడ్డలో వడగట్టి, మళ్ళీ పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి, ఉప్పూ మిరియాల పొడీ వేసి, పైన నెయ్యి వదిలింది. అతను రుచి చూశాడు. గొంతులోంచి వెచ్చగా జారింది. రోజంతా తానూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ కుండ పట్టుకుని కోటకు వెళ్ళి, రాజుగారి ముందు వెండి గిన్నెలో పోశాడు.

"ఏమిటిది?" రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "జావా?"

"కూరలతో చేసిన విందు, ప్రభూ."

"ముక్కలేవి?"

"నమలడం అయిపోయింది. తమరు ఆరగించడమే మిగిలింది."

"మా భోజనం ఇంకెవరో నమలడమేమిటి?"

చెంగల్వరాయుడు నిట్టూర్చాడు. "ప్రభూ, పల్లకీ తమరు మోస్తారా?"

"బోయీలు మోస్తారు."

"వింజామర తమరు విసురుకుంటారా?"

"పరిచారికలున్నారుగా."

"యుద్ధంలో కత్తి దూసేది సైన్యం, గెలుపు తమరిది. ఇంతమంది సేవకులుండగా నమిలే చాకిరీ మాత్రం ఏలినవారు స్వయంగా చేసుకోవడం ఏం మర్యాద? తన కూడు తానే నములుకునేది కూలివాడు. ఆ పని పప్పుగుత్తి చేసిపెట్టింది."

రాజు గిన్నె ఎత్తి ఒక గుటక వేశాడు. ఇంకొకటి వేశాడు. ఖాళీ చేసి కింద పెట్టాక పకపకా నవ్వాడు, ఊడిన పళ్ళ సందులన్నీ కనిపించేలా.

"ఇంకొంచెం పొయ్యి. ఏం కావాలో కోరుకో."

"చెరసాలలో ఉన్న వంటవాళ్ళను వదిలెయ్యండి, ప్రభూ. తమరి కోసం నమిలే సైన్యమంతా అక్కడే ఉంది."

"వదిలాం. మరి నీకు?"

చెంగల్వరాయుడికి వెంటనే చమత్కారమేదీ తోచలేదు. తోచేదాకా ఆగాలనీ అనిపించలేదు.

"కొన్నాళ్ళు ఇంట్లో ఊరికే కూర్చుంటాను, ప్రభూ."

రాజు లేచి, తన భుజం మీది శాలువా తీసి అతనికి కప్పాడు. "వెళ్ళిరా రాయుడూ. నీకు రావాలనిపించినప్పుడే రా."

అతను మెల్లగా గడప దాటాడు. వెనక రాజుగారు గరిటెతో కుండ అడుగు గీక్కుంటున్న చప్పుడు వినిపించింది.