ఐరేని కుండలు మోసిన చక్రం

అనగనగా కనుమకి ఇవతల ఒక ఊళ్ళో గురవమ్మ అనే కుమ్మరామె ఉండేది, చిట్టీ. ఆమె చేసిన కుండని వేలితో కొడితే గంటలా ఖంగుమనేది.

కనుమకి అవతల ఊళ్ళో ఓబులమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళంటే ఐరేని కుండలు ఉండాలి కదా! సున్నం పూసి, రంగుల గీతలు దిద్ది, మేళతాళాలతో పందిట్లోకి తెచ్చుకునే కుండలు. వాటిలో ఒక్కటి పగిలినా పెళ్ళివారి మనసు కలుక్కుమంటుంది.

ఓబులమ్మ పెళ్ళికి ఆ కుండలు నెత్తిన మోసింది గురవమ్మే. "నా పిల్లకీ నీ చేతి కుండలే కావాలి పిన్నీ" అంది ఓబులమ్మ. "తెస్తానే" అని మాటిచ్చేసింది గురవమ్మ. ఇప్పుడేమో మోకాళ్ళు మాట వినవు. అందుకని సైకిలు మీద తేవాలనుకుంది. కనుమ దారి అంతా రాళ్ళే.

"వెనక చక్రానికి ప్రాణం నడిమి హబ్బు, అక్కా. చువ్వలన్నీ దాని రెండు చివర్లా ఉన్న గుండ్రటి చెవుల్నీ పట్టుకుని ఉంటాయి. గట్టిది ఎంచుకో, చక్రం అల్లిపెడతా" అన్నాడు సైకిలు షాపు మస్తాను.

అప్పుడు గురవమ్మ ఏం చేసిందో తెలుసా? అలవాటు కొద్దీ హబ్బులన్నిటినీ కుండల్ని కొట్టినట్టు కొట్టి చూసింది! తళతళలాడే పల్చటి హబ్బు ఒకటి ఖంగుమంది. "ఇదే" అంది.

"నీళ్ళు కూడా పోసి చూడు, కారుతుందేమో!" అని మస్తాను పకపకా నవ్వాడు. ఆమె వింటేనా! ముందు పరీక్షకని మామూలు కుండలు కట్టుకుని బయల్దేరింది. తొలి మలుపులోనే హబ్బు చెవి చిట్లింది. కుండలు పెంకులయ్యాయి.

ఆ తర్వాత పళ్ళచక్రాలు దొంతరగా ఉన్న గేర్ల హబ్బు తీసుకుంది. ఎక్కడం సుఖంగానే ఎక్కింది. దిగేటప్పుడు గొలుసు పక్క చువ్వలు టపటపా తెగాయి. మళ్ళీ పెంకులే.

పెళ్ళి ముంచుకొచ్చింది. "పిన్నీ, నీ వల్ల కాకపోతే వేరేచోట చెప్పనా?" అని ఓబులమ్మ కబురు పంపింది. గురవమ్మ కంచం పక్కకి నెట్టేసింది.

అప్పుడు ఆ విరిగిన చక్రం ముందు కూర్చుని, మిగిలిన చువ్వల్ని గోటితో మీటింది. గొలుసు పక్కవి కీచుమన్నాయి. అవతలివి దబ్బుమన్నాయి. ఒంగి చూసింది. పళ్ళచక్రాలకి చోటివ్వడానికి గొలుసు పక్క చెవి లోపలికి జరిగి ఉంది. ఆ పక్క చువ్వలే నిట్టనిలువుగా బిగుసుకుని భారమంతా మోస్తున్నాయి!

"ఓసి నా తెలివీ! నెత్తిన దొంతర పెట్టుకుంటే నేను కాళ్ళు ఎడంగా, సమంగా వేసి కదా నిలబడేది!" అనుకుంది.

ఆ తర్వాత మూడో హబ్బు తెచ్చుకుంది. ఒక్కటే పళ్ళచక్రం, లావు ఇరుసు, మందమైన చెవులు. ఆ చెవులు నడిమికి అటూ ఇటూ సమంగా, బాగా ఎడంగా ఉన్నాయి. కొడితే ఖంగుమనలేదు.

"గేర్లుండవు. ఎత్తుల్లో దిగి నెట్టాలక్కా."

"నెడతాలే తమ్ముడూ."

మస్తాను చక్రం అల్లాడు. గురవమ్మ చువ్వల్ని మీటింది. అటూ ఇటూ ఒకటే స్వరం! మస్తాను ఈసారి నవ్వలేదు. తనూ చెవి ఒగ్గి విన్నాడు.

అప్పుడు ఐరేని కుండలు గడ్డిలో పొదివి కట్టుకుని ఆమె కనుమ దాటింది. ఎత్తుల్లో నెట్టింది, పల్లాల్లో మెల్లగా దింపింది. వేలితో వంచితే వంగే సన్నటి చువ్వలు, చిట్టీ! అంతంత కుండల్ని ఎలా మోశాయో! చక్రం తిరుగుతుంటే చువ్వలు కంటికి ఆనలేదు. నడుమ హబ్బొక్కటే, ఆమె కుండలు చేసే సారె నడిబొడ్డులా మెరుస్తూ కనబడింది.

ఊరి మొదట్లో మేళం ఎదురొచ్చింది. ఓబులమ్మ ఒక్కో కుండనీ వేలితో కొట్టింది. ఖంగు... ఖంగు... అన్నీ ఖంగుమన్నాయి! ఆమె కళ్ళు తుడుచుకుని కుండలకి పసుపూ కుంకుమా పెట్టింది. గురవమ్మ ఆ కుంకుమ గిన్నె అడిగి తీసుకుని, గొంతుక్కూచుని, గ్రీజు మరకల హబ్బుకీ ఒక బొట్టు పెట్టింది.

కుండలు చేరె పందిట్లోకి,
కథ వెళ్ళిపోయె కంచిలోకి,
చక్రం దొర్లె వాకిట్లోకి,
చిట్టి జారె నిద్దట్లోకి.